పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. పాత బండి చేతికొచ్చింది, దాన్ని ఎత్తు చేయాలి, పెద్ద టైర్లు వేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ముప్పయ్యేళ్లకు పైగా ఈ బండ్ల కింద వెల్లకిలా పడుకుని పని చేసినవాణ్ణి. అందుకే ఆ ప్రశ్నకు ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. మిగతావాటికి ఎంత అవసరమో అంతే రాశాను.

ప్రశ్న: మా నాన్నగారు వాడిన జీపు లాంటి పాత డీజిల్ బండి ఎనిమిదేళ్లుగా షెడ్డులోనే ఉంది. ఇప్పుడు దాన్ని కొండదారులకు తయారు చేయాలని ఉంది. రెండు అంగుళాల లిఫ్ట్, 31 అంగుళాల టైర్లు, ముందు వించ్ (దిగబడిన బండిని తాడు చుట్టి లాగే యంత్రం) పెట్టిద్దామనుకుంటున్నాను. ముందు ఏది చేయించాలి సార్?

ముందు ఆ మూడూ పక్కన పెట్టండి బాబూ. మొదటి ఆరు నెలలు ఆ బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా నడిచిందో అలా నడిచేలా చేయండి.

ఒక లెక్క చెబుతాను. మొదటి గేరు ఇంజిన్ బలాన్ని దాదాపు 4 రెట్లు చేస్తుందనుకుందాం. లో రేంజి (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరింగు) దాన్ని ఇంకో 2.5 రెట్లు, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఎడమ కుడి చక్రాలకు బలం పంచే గేర్లు) ఇంకో 4 రెట్లు చేస్తాయి. మొత్తం 40 రెట్లు. అంత బలం ముప్పై నలభై ఏళ్ల నాటి యాక్సిల్ షాఫ్ట్ మీద, క్రాసుల (షాఫ్టులను కలిపే కీళ్ల) మీద పడుతుంది. దానికి తోడు బరువైన పెద్ద టైరు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే ఏదో ఒకటి విరగాల్సిందే. షాఫ్ట్ గట్టిది వేస్తే క్రాస్ పోతుంది. క్రాస్ గట్టిది వేస్తే డిఫరెన్షియల్‌లోని క్రౌన్ గేరు పళ్లు పోతాయి. ఒకచోట బలం పెంచితే ఆ దెబ్బ పక్క భాగానికి వెళ్తుంది, అంతే. అందుకే అన్నీ బాగున్నాయని తేలాకే ఒక్కొక్కటి మార్చాలి.

ఎనిమిదేళ్లు ఆగిన బండి కాబట్టి సెల్ఫ్ కొట్టకండి. డీజిల్ టాంకు ఖాళీ చేసి కడిగించండి, ఫిల్టర్లు మార్చండి, ఇంజిన్ ఆయిల్ కొత్తది పోయండి. తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడండి. ఎక్కడా పట్టేయకుండా తిరిగితేనే బాటరీ కలపండి. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోయి ఉండొచ్చు. చక్రాల దగ్గర బ్రేక్ సిలిండర్లు బిగుసుకుపోయే ఉంటాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే లోపల తుప్పు పడుతుంది. రబ్బరు హోసులన్నీ మార్చేయండి, చూడ్డానికి బాగున్నా సరే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడండి. 2315 అని ఉంటే 2015వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పదేళ్లు దాటిన టైరు మీద గుండీలు (పట్టునిచ్చే రబ్బరు దిమ్మలు) ఎంత ఎత్తున ఉన్నా నేను రోడ్డెక్కనివ్వను.

తర్వాత చాసిస్. చిన్న సుత్తి తీసుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కొట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట మొద్దుగా, చప్పగా పలుకుతుంది. కమాన్ కట్టల (యాక్సిల్ మీద బండిని మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, బాడీ కూర్చునే చోట్లు ఈ మూడూ తప్పకుండా చూడండి. చాసిస్ డబ్బాలా ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి బురద లోపల చేరి, నీరు పోయే రంధ్రాలు మూసుకుని, తుప్పు లోపలి నుంచి బయటికి తింటుంది. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. పాత లాండ్ రోవర్లలో బాడీ అల్యూమినియం, చాసిస్ ఉక్కు. తడిలో రెండు వేరు లోహాలు తగిలిన చోట అరుగుడు ఇంకా ఎక్కువ. పట్టీ వేసి వెల్డింగ్ చేయించాల్సి వస్తే చాసిస్‌కు అడ్డంగా నిలువు గీతలా అతుకు పెట్టనివ్వకండి, ఆ గీత వెంటే మళ్లీ పగులుతుంది. డైమండ్ ఆకారంలో కోసిన పట్టీ వేయమనండి. వెల్డింగుకు ముందు బాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పించండి.

ఆయిళ్ల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, అది నాకు బాధ కలిగిస్తుంది. పాత గేరుబాక్సుల్లో సింక్రో రింగులు (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపేవి) ఇత్తడివి. కంపెనీ జీఎల్-4 (గేరు ఆయిల్ రకం) అని చెప్పిన గేరుబాక్సులో "ఇంకా మంచిది కదా" అని జీఎల్-5 పోస్తారు. దానిలో ఎక్కువ పాళ్లలో ఉండే గంధకం, భాస్వరం రసాయనాలు ఇత్తడిని తినేయొచ్చు. అదే డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ పళ్లకైతే జీఎల్-5 తప్పనిసరి. రెండు డబ్బాలు వేరువేరుగా కొనండి, డబ్బా మీద పెద్దక్షరాలతో రాసుకోండి.

ఇవన్నీ అయ్యాక టైర్ల మాట. 235/75 ఆర్15 టైరు వ్యాసం సుమారు 733 మిల్లీమీటర్లు. 31 అంగుళాలది 787. తేడా 54. కానీ డిఫరెన్షియల్ కింద మీకు దొరికే ఎత్తు అందులో సగం, అంటే 27 మిల్లీమీటర్లే. దానికి బదులుగా గేరింగు 7 శాతం పైగా బరువెక్కుతుంది, బ్రేకులు అంతే మేర బలహీనపడతాయి, స్పీడోమీటరు 60 చూపినప్పుడు బండి 64 మీద ఉంటుంది. ఆ 27 మిల్లీమీటర్లు మీరు వెళ్లే దారికి నిజంగా కావాలా అని ఆలోచించుకోండి. నాకైతే చాలా దారుల్లో అసలు సైజు టైరే, మంచి గుండీలున్నది సరిపోయింది.

లిఫ్టు పేరుతో ఎవరైనా పొడవు షాకిళ్లు (కమాన్ కట్ట చివరను చాసిస్‌కు కలిపే ఊగే పట్టీలు) మాత్రమే వేస్తానంటే ఒప్పుకోకండి. దిగబడిపోయిన కమాన్ కట్టలను విప్పించి, ఒక్కో పట్టీ మధ్య తుప్పు గీకించి, గ్రాఫైట్ గ్రీజు రాయించి, వంపు తెప్పించి, కొత్త బుష్‌లు వేస్తే చాలా బండ్లు పోగొట్టుకున్న ఎత్తు తిరిగి సంపాదించుకుంటాయి. కట్టలను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు మాత్రం పాతవి మళ్లీ వాడొద్దు. కొత్తవి వేసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి.

వించ్ ఆరు నెలల తర్వాత మాట్లాడుకుందాం. నాన్నగారి బండి అన్నారు, తొందరపడి దాన్ని పాడు చేసుకోవద్దు.

ప్రశ్న: తారు రోడ్డు మీద వాన పడుతోందని 4హెచ్ (నాలుగు చక్రాల డ్రైవ్) వేశాను. వాన ఆగాక 2హెచ్‌కు (రెండు చక్రాల డ్రైవ్‌కు) మార్చబోతే లివరు కదలడం లేదు. బలంగా లాగితే విరుగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక యాక్సిళ్లకు బలం పంపే గేరు పెట్టె) పోయిందా?

పోలేదమ్మా, బలంగా లాగకుండా మంచి పని చేశారు. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక వాటికంటే ఎక్కువ దూరం నడుస్తాయి. మీది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, ముందు, వెనుక షాఫ్టుల మధ్యలో డిఫరెన్షియల్ లేదు. కాబట్టి 4హెచ్‌లో ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనుక షాఫ్ట్ ఒకే వేగంతో తిరగాల్సిందే. మట్టిలోనైతే చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దేస్తుంది. తారు మీద, అందులోనూ వాన ఆగి ఆరిపోయాక, జారే వీలుండదు. ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిక పడుతుంది. తడిబట్ట పిండినట్టు. ఆ మెలిక గేరు పళ్లను పట్టేసుకుంటుంది, లివరు రాదు.

బండిని తిన్నగా కొన్ని మీటర్లు వెనక్కి నడపండి, క్లచ్ తొక్కి లివరు లాగండి. రాకపోతే ఒక పక్క చక్రాలు మట్టిలోకి దింపి మళ్లీ ప్రయత్నించండి. టక్కుమని శబ్దం వస్తుంది, భయపడకండి.

ఇకపై తారు మీద 4హెచ్ వద్దు. వానకు నెమ్మదిగా వెళ్లడమే మందు. లాడా నీవా లాంటి కొన్ని బండ్లు మధ్య డిఫరెన్షియల్‌తో ఎప్పుడూ నాలుగు చక్రాల మీదే నడుస్తాయి. వాటి యజమానుల మాట విని మీ బండిలో అలా చేయకండి. మీ బండి ముందు హబ్బుల మీద లాక్, ఫ్రీ అని తిప్పే బిళ్లలు ఉంటే, నెలకోసారి లాక్ చేసి, 4హెచ్‌లో మట్టి మీద ఒకటి రెండు కిలోమీటర్లు నడపండి. ముందు డిఫరెన్షియల్ పళ్లకు ఆయిల్ అందుతుంది.

ప్రశ్న: గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగిలితే చాలు, స్టీరింగ్ రెండు వైపులా భయంకరంగా ఊగుతుంది. పూర్తిగా ఆపితే తప్ప ఆగదు. మెకానిక్ స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ ఊపును అణిచే షాక్ అబ్జార్బరు) కొత్తది వేయమంటున్నాడు. వేయించనా?

డాంపర్ వేస్తే కొన్ని వారాలు తగ్గినట్టే ఉంటుంది. జ్వరానికి తడిగుడ్డ వేసినట్టు. లోపల అరిగేది అరుగుతూనే ఉంటుంది, తర్వాత ఒక రోజు ఇంకా ఎక్కువ వేగంలో మళ్లీ మొదలవుతుంది. ఇది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. సరిచేసేదాకా ఆ బండిని వేగంగా నడపవద్దని బతిమాలుతున్నాను.

ముందు యాక్సిల్ ఒకే గొట్టంలా ఉన్న బండ్లకే ఎక్కువగా వస్తుంది. కారణం సాధారణంగా ఒకటి కాదు, మూడు నాలుగు చోట్ల కొద్దికొద్దిగా లూజు కలిసి ఇలా అవుతుంది. ఇంజిన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరిని స్టీరింగ్ ఎడమకు కుడికి కొంచెం కొంచెం ఊపమనండి. మీరు కింద పడుకుని ఒక్కో కీలు మీద వేళ్లు పెట్టండి. టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు, స్టీరింగ్ బాక్సు బోల్టులు, కమాన్ కట్టల బుష్‌లు. పానార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) ఉంటే దాని బోల్టు రంధ్రం కూడా, ఎందుకంటే అది కోలగా సాగిపోతుంది. కంటికి కనబడని లూజు వేలికి తెలుస్తుంది. తర్వాత జాకీ ఎక్కించి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపండి. బ్రేకు తొక్కించి ఊపినా కదిలితే కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు). తొక్కితే ఆగిపోయి, వదిలితే కదిలితే వీల్ బేరింగ్.

నా అనుభవంలో పాత బండ్లలో ఎక్కువసార్లు దొరికిన దొంగ కింగ్ పిన్ బేరింగే. పైన కింద మూతల దగ్గర షిమ్‌లు (పలుచని లోహపు బిళ్లలు) ఉంటాయి. వాటితో బేరింగును కొంచెం బిగుతుగా, ప్రీలోడ్‌తో పెట్టాలి. టై రాడ్ విప్పి, స్టీరింగ్ ఆర్మ్‌కు స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే ఎన్ని కిలోల దగ్గర కదులుతుందో మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. ఈ కొలత తీసే మెకానిక్ దొరికితే ఆయన్ని వదులుకోకండి. చేత్తో పట్టి ఊపి "బాగానే ఉంది" అనడం చాలదు.

ఇంకో మాట. మీ ఉత్తరంలో ముందు షాకిళ్లు పొడవు వేయించానని రాశారు. షాకిల్ కమాన్ కట్టకు ముందు వైపు ఉండే బండ్లలో అలా చేస్తే యాక్సిల్ ముందుకు ఒరిగి కాస్టర్ కోణం (కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది. కాస్టర్ తగ్గితే చక్రం తనంతట తాను తిన్నగా రాదు, ఊగడానికి సిద్ధంగా ఉంటుంది. కొలిపించండి. తక్కువ ఉంటే పాత షాకిళ్లు తిరిగి వేయించడమే నా సలహా. అవి లేవంటే కమాన్ కట్టకూ యాక్సిల్‌కూ మధ్య వేసే వాలు ఉక్కు పలకలు దొరుకుతాయి. అల్యూమినియంవి పగులుతాయి, వద్దు.

ప్రశ్న: వాగు దాటాక వెనుక డిఫరెన్షియల్ ఆయిల్ చూస్తే పాల టీ రంగులో ఉంది. సీళ్లు కొత్తవే. నీళ్లు ఎలా వెళ్లాయి?

గంటసేపు నడిచిన యాక్సిల్ వేడిగా ఉంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. చల్లటి నీళ్లలో దిగగానే ఆ గాలి ఒక్కసారి కుంచించుకుపోయి లోపల వాక్యూమ్ వస్తుంది. గాలి పీల్చుకోవడానికి యాక్సిల్ మీద బ్రీదర్ అని చిన్న మూత ఉంటుంది. అది నీళ్లలో మునిగితే నీళ్లే పీలుస్తుంది. మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ల పెదవుల సందుల్లోంచి పీలుస్తుంది. ఆ సీళ్లు ఆయిల్ బయటికి రాకుండా ఆపడానికి చేసినవి. బయటి నీటిని ఆపడం వాటి పని కాదు. అందుకే కొత్తవైనా నీళ్లు వెళ్తాయి.

ఇది నేను కష్టపడి నేర్చుకున్న సంగతి. చిన్నతనంలో ఒక సాయంత్రం వాగు దాటాను. బండి బాగానే నడిచిందని ఆయిల్ చూడలేదు. మూడు వారాలు అలాగే ఆగిపోయింది. మళ్లీ తీస్తే పినియన్ (క్రౌన్‌ను తిప్పే చిన్న గేరు) దగ్గర నుంచి సన్నటి ఏడుపు లాంటి శబ్దం. విప్పి చూస్తే బేరింగు రోలర్ల మీద వరసగా తుప్పు మచ్చలు, నీరు నిలబడిన గీత దాకా. ఆ బేరింగులు, వాటితో పాటు క్రౌన్ పినియన్ సెట్టు మార్చాల్సి వచ్చింది. ఒక గంట పని చేసి ఉంటే అన్నీ బతికేవి.

కాబట్టి మీరు ఈరోజే ఆయిల్ మార్చండి. ఒకసారి మార్చి, యాభై కిలోమీటర్లు నడిపి, మళ్లీ మార్చండి, ఎందుకంటే మొదటిసారి నీరంతా రాదు. బ్రీదర్ తీసేసి, అక్కడ నిపుల్ పెట్టి, రబ్బరు గొట్టం కలిపి ఇంజిన్ గదిలో ఎత్తున కట్టించండి. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు బ్రీదర్లు కూడా. స్నోర్కెల్ (ఇంజిన్‌కు ఎత్తు నుంచి గాలి తెచ్చే గొట్టం) కంటే ముందు చేయించాల్సిన పని ఇది. ఖర్చు దానిలో ఏ మూలకూ రాదు.

ఇకపై నీళ్లు దాటిన ప్రతిసారీ బండిని రాత్రంతా కదపకుండా ఉంచండి. నీరు ఆయిల్ కంటే బరువు, అడుగుకు చేరుతుంది. పొద్దున డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేస్తే ముందు నీటి చుక్కలు వస్తాయి, ఆయిల్ వస్తే బిగించేయండి. వాగు మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మాత్రం మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండరులో నీరుంటే అది నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బండిని బయటికి లాగించి, ఇంజెక్టర్లు విప్పి, తర్వాతే ఇంజిన్ తిప్పాలి.

ప్రశ్న: హైవేలో వేడి ముల్లు మధ్యలోనే ఉంటుంది. 4ఎల్‌లో (నాలుగు చక్రాల లో రేంజిలో) నెమ్మదిగా కొండ ఎక్కితే ఎర్ర గీత దాకా పోతుంది. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటిని రేడియేటర్‌కు వదిలే వాల్వు) తీసేయమని స్నేహితులంటున్నారు.

తీయకండి. మీ బండే మీకు జవాబు చెబుతోంది. హైవేలో గాలి దానంతట అదే వస్తుంది. కొండ మీద ఫ్యాన్ లాగిన గాలే దిక్కు. హైవేలో వేడెక్కితే రేడియేటర్ ట్యూబులు మూసుకుపోయాయనో, పంపు పోయిందనో అనుమానించాలి. నెమ్మదిగా వెళ్తే మాత్రమే వేడెక్కితే గాలి సమస్య.

ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ ఉందా? పాత బండ్లలో ఎవరో విప్పి, మళ్లీ బిగించకుండా పారేస్తారు. అది లేకపోతే ఫ్యాన్ అక్కడి గాలినే అక్కడ కలుపుతుంది. బెల్టు లూజుగా ఉందా? విస్కస్ ఫ్యాన్ (వేడెక్కితేనే గట్టిగా పట్టుకుని తిరిగేది) అయితే, వేడి ఇంజిన్ ఆపాక చేత్తో తిప్పండి. అడ్డు లేకుండా గిరగిరా తిరిగితే ఆ కప్లింగ్ పోయింది. రేడియేటర్ ఫిన్ల మధ్య ఎండిన బురదను ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కడగండి. గ్రిల్ ముందు పెద్ద లైట్లు పెట్టించుకుంటే వాటిని పక్కకు జరపండి. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. 0.9 బార్ మూత సరిగ్గా పట్టుకుంటే లోపలి నీరు 120 డిగ్రీల దగ్గర గానీ మరగదు. రబ్బరు పోతే వందకే పొంగుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆ మూత జోలికి వెళ్లకండి.

ప్రశ్న: ఫోర్ వీల్ డ్రైవ్ అయినా ఒక ముందు చక్రం, ఒక వెనుక చక్రం మాత్రమే గిర్రున తిరిగి బండి కదలడం లేదు. డిఫ్ లాకర్ (రెండు పక్కల చక్రాలను ఒకే వేగంతో తిరిగేలా కట్టేసేది) వేయించాలా?

డిఫరెన్షియల్ రెండు పక్కలకూ సమానంగా బలం పంచుతుంది. గాల్లో లేచిన చక్రానికి బలం అక్కర్లేదు కాబట్టి రెండోదానికీ దాదాపు ఏమీ అందదు. ఎదురుమూలల చక్రాలు రెండూ లేస్తే బండి నిలబడిపోతుంది. లాకర్ దీన్ని పరిష్కరిస్తుంది, నిజమే. కానీ మీరు టైర్లలో గాలి ఎంత పెట్టి వెళ్తున్నారో రాయలేదు, నాకు ముందు అది తెలియాలి.

32 పీఎస్ఐతో వెళ్తుంటే 18కి తగ్గించి అదే చోట ప్రయత్నించండి. టైరు నేలకు ఆనుకునే చోటు ముఖ్యంగా పొడవుగా సాగుతుంది, రాయి మీద వంగి పట్టుకుంటుంది. ఇసుకలో 15 దాకా దించొచ్చు. అంతకంటే కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. గాలి తగ్గించాక వేగం 30 దాటొద్దు, తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపండి. చిన్న కంప్రెసరు బండిలో ఉండాలి. నా బండిలో లైట్ల కంటే ముందు అది వచ్చింది.

రెండో ఉపాయం. వెనుక చక్రం గాల్లో తిరుగుతుంటే హ్యాండ్ బ్రేకు రెండు మూడు పళ్లు లాగి మెల్లగా ఆక్సిలరేటర్ ఇవ్వండి. తిరిగే చక్రానికి అడ్డు దొరికితే రెండోదానికీ బలం వెళ్తుంది. హ్యాండ్ బ్రేకు వెనుక డ్రమ్ముల మీద పనిచేసే బండ్లలోనే ఇది కుదురుతుంది. పాత లాండ్ రోవర్లలా ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక బ్రేకు ఉంటే ఉపయోగం లేదు.

ఈ రెండూ ఒక సీజన్ చేసి చూశాక కూడా అక్కడే ఆగుతున్నారంటే, అప్పుడు వెనుక యాక్సిల్‌కు మాత్రం లాకర్ వేయించండి. ముందుది వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, చక్రం పూర్తిగా తిప్పి ఆక్సిలరేటర్ తొక్కితే ముందు చక్రాన్ని తిప్పే సీవీ జాయింటు విరుగుతుంది.

ప్రశ్న: బురదలో దిగబడిన స్నేహితుడి బండిని నా టో బాల్‌కు తాడు కట్టి లాగొచ్చా?

వద్దు. ఎప్పటికీ వద్దు. టో బాల్ ట్రెయిలరు లాగడానికి చేసింది, ఒక్కసారిగా పడే కుదుపుకు కాదు. అది విరిగితే సాగిన తాడు దాన్ని తూటాలా విసురుతుంది. అలా మనుషులు చనిపోయారు. చాసిస్‌కు బోల్టులతో బిగించిన, ఎంత బరువు తట్టుకుంటుందో రాసి ఉన్న రికవరీ హుక్ రెండు బండ్లకూ ఉండాలి. తాడు మధ్యలో బరువైన దుప్పటి వేయండి. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవ్వరూ నిలబడకూడదు, ముఖ్యంగా ఫోన్లో వీడియో తీసేవాళ్లు. హుక్ లేకపోతే పార తీసి చక్రాల ముందు బురద తవ్వండి, గాలి తగ్గించండి, రాళ్లు పరవండి. గంట పట్టినా పరవాలేదు.